చిట్టెమ్మ మెచ్చిన చేతులు

నమోదు 1

కొత్త పదవిలో చేరినవాళ్ళు రోజూ చేసిన పని గురించి నాలుగు ముక్కలు రాసి కళాశాల మండలికి పంపాలట. రాస్తున్నాను. అక్కడ కూర్చుని చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే అది వాళ్ళ ఖర్మ.

నా పేరు జొన్నాడ సులోచన. డాక్టర్ని. సముద్రం పైకి వచ్చి కోనసీమ సగం మునిగి, జనం తెప్పల మీద ఊళ్ళు కట్టుకున్నప్పటి నుంచీ నా వయసంతా రేవు ఆసుపత్రి వార్డుల్లోనే గడిచింది. ఇప్పుడు నన్ను కొండ మీది వైద్య కళాశాలకు తెచ్చి ‘సంధానాధిపతి’ అని పేరు పెట్టారు. ఆ పేరు పలకడానికి నాకే నోరు తిరగడం లేదు. ఇక్కడ రెండు విభాగాలున్నాయి. రోగిని చేత్తో ఎలా చూడాలో నైపుణ్య విభాగం నేర్పుతుంది. రోగి ఒంట్లో ఏం జరుగుతుందో శాస్త్ర విభాగం నేర్పుతుంది. రెండింటికీ మధ్య గోడ ఒకటే, మాటలు మాత్రం లేవు. వాళ్ళను కలపడం నా పని.

పొద్దున్నే నాచు రొట్టె తిని తీగబండి ఎక్కాను. ఆ రొట్టె వాసన కొండ మీదికి వచ్చేదాకా గొంతులోనే ఉంది. పైన మీటింగు గదిలో నైపుణ్య విభాగాధిపతి గంటి సదాశివం, శాస్త్ర విభాగాధిపతి అడపా రేవతి కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఎవరి ఫ్లాస్కు వాళ్ళు తెచ్చుకున్నారు. ఒకరి టీ ఒకరు తాగరట. ప్రిన్సిపాల్ వేదుల నరహరి మాత్రం ఇద్దరి ఫ్లాస్కుల్లోంచీ తాగాడు. ఈ ఏటి పిల్లలు పడవలెక్కే ‘అప్పగింత’ దగ్గర పడిందనీ, తెప్పకొక డాక్టరు చొప్పున వెళ్ళాలనీ, వీళ్ళకు పని వచ్చునని ఈసారి నేను సంతకం పెట్టాలనీ చెప్పాడు.

సరే అన్నాను. అప్పటికి నాకేం తెలుసు.

నమోదు 2

ఇవాళ చిట్టెమ్మను చూపించారు.

చిట్టెమ్మ అంటే రబ్బరు మనిషి. లోపల అన్ని అవయవాలూ ఉంటాయి. ముఖానికి పసుపు రాసి, కోటప్పకొండ ప్రభకు కట్టినట్టు జరీ చీర కట్టారు. పరీక్షకు ముందు పిల్లలు ఆవిడ కాళ్ళకు దండం పెట్టుకుంటారు. చేతికి తొడుగు వేసుకుని పొట్ట మీద చెయ్యి పెట్టగానే ఆవిడ నిండుగా ఊపిరి తీస్తుంది. ఇన్నేళ్ళలో ఏ రోగీ అంత మర్యాదగా ఊపిరి తీయడం నేను చూడలేదు. చెయ్యి సరైన చోట పడితే మంచం తల దగ్గర పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం.

తెప్పల మీద డాక్టరుకు ఉండేవి చేతులే. ఉప్పుగాలికి ఏ యంత్రమూ నిలవదు. స్కానింగు పెట్టెలు తీసుకెళ్ళి తీసుకెళ్ళి విసిగిపోయి మానేశారు. అందుకని ఈ కళాశాలలో చేతి పరీక్షకు అంత విలువ. ముఖ్యంగా ప్లీహం. పొట్టలో ఎడమ పక్క ఎముకల కింద దాక్కుని ఉంటుంది. తెప్ప జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తే ఉబ్బి కిందికి దిగుతుంది. అలా ఉబ్బినప్పుడు గట్టి దెబ్బ తగిలితే చాలు, పగిలి లోపలే రక్తం పోతుంది. ముందే పట్టుకుంటే మందు ఉంది. తాళ్ళు లాగే పని మాన్పించి మందు మింగిస్తే మనిషి బతుకుతాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎడమ పక్కటెముకల కిందికి వేళ్ళు పోనిచ్చి ప్లీహం పట్టేశారు. అందరికంటే ముందు పట్టింది సరెళ్ళ కిన్నెర. ఈ ఏటి మొదటి ర్యాంకు ఆమెదే. చెయ్యి పెట్టడం, పచ్చ దీపం వెలగడం ఒకేసారి అయ్యాయి.

సదాశివం గర్వంగా చెప్పాడు. “ఏటా మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళు చెయ్యి ఇస్తారు మేడం. అంటే, వాళ్ళ చేతి కదలికల్ని తొడుగుల్లోంచి తీసుకుని చిట్టెమ్మలో పోస్తాం. వచ్చే బ్యాచి ఆ చేతికి తగ్గట్టు నేర్చుకుంటుంది. ఇరవై ఏళ్ళ ఆచారం. మొట్టమొదటి చెయ్యి నాదే.”

కిన్నెర సిగ్గుపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాకెందుకో ఆ పసుపు ముఖం వైపు మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

నమోదు 3

మీటింగు తప్పించుకుందామని కళాశాల ఆసుపత్రి వార్డులోకి వెళ్ళాను. పాత అలవాటు. మంచాల మధ్య నడిస్తే నాకు ఊపిరి ఆడుతుంది.

కిటికీ పక్క మంచం మీద ఓలేటి మంగాయమ్మ. ఏడో తెప్ప నుంచి వచ్చింది. నాచు పట్టిన చెక్క మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు, రేపోమాపో పంపించేస్తారు. మనిషి సన్నగా ఉంది, పొట్ట మాత్రం చీర కుచ్చిళ్ళను ముందుకు తోస్తోంది. పడుకోమని చెప్పి, తొడుగు లేకుండా చెయ్యి వేశాను. అలవాటు ప్రకారం కుడి గజ్జ దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా ఎడమ పక్కటెముకల వైపు కొంచెం కొంచెంగా జరిగాను. బొడ్డు కూడా దాటకముందే, ఊపిరి పీల్చేసరికి ఒక అంచు వచ్చి నా వేళ్ళకు తగిలింది.

“ఏటండి డాక్టరమ్మగారూ, సెయ్యి ఇరిగితే పొట్ట సూత్తన్నారు?” అంది.

“ఇది ఎప్పటి నుంచమ్మా?”

“అదాండి? బల్లండి. మా తెప్ప మీద సానామందికి ఉందండి. జొరాలొత్తాయి, పోతాయి. ఇది మాత్రం ఉండిపోద్ది.”

“మీ తెప్ప డాక్టరు చూడలేదా?”

“సూడకేమండి. మంచోడండి ఆ బాబు. రెండుపూటలా ఇంటింటికీ వత్తాడు. పొట్ట నొక్కి ఏం లేదంటాడు.” కట్టు కట్టిన చెయ్యి సర్దుకుంది. “మా ఆయనకీ ఏం లేదనే అన్నాడండి. ఏం లేదన్నారు కదా అని తాడు లాగడానికి ఎల్లాడు. పడవ కొయ్య పొట్టకి తగిలింది. పొద్దుగూకేసరికి తెల్లగా పాలిపోయి, అంతేనండి.”

ఆ తెప్ప డాక్టరు ఎవరని కనుక్కున్నాను. కిందటేడు మొదటి ర్యాంకు వచ్చిన కుర్రాడు.

నమోదు 4

సదాశివం ఒప్పుకోడని తెలుసు కాబట్టి అడగకుండానే పిల్లల్ని వార్డుకు పిలిచాను. మంగాయమ్మను ముందు అడిగాను. “సూసుకోమనండి, నాకేం పోద్ది” అంది. గట్టిగా నొక్కకూడదని పిల్లలకు ఒకటికి రెండుసార్లు చెప్పాను.

మొదట కిన్నెర. తిన్నగా ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది. చిట్టెమ్మ దగ్గర నేర్చుకున్న చోటే. చాప మీద కూర్చుని చాప అంచు కోసం పక్కనే తడిమినట్టు, ఆమె చెయ్యి మొత్తం ప్లీహం మీదే ఉంది. అంచు ఎక్కడ తగులుతుంది?

“ప్లీహం తెలియడం లేదు మేడం. మామూలే. పొట్ట కండరం కొంచెం బిగించారు. భయపడుతున్నట్టున్నారు.”

“నాకేం బయం లేదండి,” అంది మంగాయమ్మ.

తర్వాతి కుర్రాడూ మామూలే అన్నాడు. ఆ తర్వాతి అమ్మాయీ మామూలే అంది. అందరి చేతులూ ఒకే చోట పడుతున్నాయి. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కరైనా పొరపాటునైనా కింద చెయ్యి పెడతారేమో అని చూశాను. పెట్టలేదు. వేలితో తట్టి చప్పుడు వినమన్నాను. ఎలాగని అడిగారు. రబ్బరు ఒంటిని ఎక్కడ తట్టినా ఒకటే మోత కాబట్టి ఆ పాఠం ఎప్పుడో తీసేశారట.

బయటికి వచ్చాక కిన్నెరను అడిగాను. “తెప్ప జ్వరంలో ప్లీహం ఎంతవరకు పెరగొచ్చు?”

ఆమె టకటకా చెప్పింది. “బొడ్డు దాటి కుడి గజ్జ దాకా రావచ్చు మేడం. లోపల రక్తకణాలు విచ్ఛిన్నం కావడం వల్ల...” ఇంకా చెప్పేదే, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆ సంగతి తెలిసినదానివి, అక్కడ ఎందుకు చూడలేదు?”

“అది శాస్త్రం పేపర్లో కదా మేడం,” అంది. చాలా అమాయకంగా అంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ పిల్లను అలా తయారుచేసిన రెండు గదుల మీదా వచ్చింది.

నమోదు 5

రేవతి గదిలో కూర్చుని చిట్టెమ్మ పాత ఒళ్ళన్నీ గోడ మీద చూపించమన్నాను. ఏటేటా చిట్టెమ్మ ఎలా ఉండేదో శాస్త్ర విభాగం దాచి ఉంచింది. వరసగా చూపించమని ఎవరూ అడగలేదట.

మొదటి ఏడు చిట్టెమ్మ బాగానే ఉంది. ప్లీహం ఒక పరీక్షకు ఒకలా ఉండేది. ఒకసారి బొడ్డు దాకా, ఒకసారి కొంచెమే, ఒకసారి అసలు లేకుండా. రెండో ఏడు కొంచెం పైకి జరిగింది. మూడో ఏడు ఇంకొంచెం. అలా జరిగి జరిగి ఇప్పుడు పక్కటెముకల కింద నిమ్మకాయంత బొడిపె అయి కూర్చుంది. అక్కడి నుంచి కదలదు.

సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మొదటి ర్యాంకు తొందరగా పట్టినవాళ్ళది. తొందరగా పట్టాలంటే కింద నుంచి రాకుండా పక్కటెముకల దగ్గరే మొదలుపెట్టాలి. ఆ చేతిని చిట్టెమ్మలో పోస్తే చిట్టెమ్మ ప్లీహం ఆ చేతికి అందేలా జరుగుతుంది. మరుసటేడు కింద నుంచి మొదలుపెట్టిన పిల్లలకు ఎర్ర దీపం. పైన పెట్టినవాళ్ళకు పచ్చ దీపం. వాళ్ళలో మరీ తొందరగా పెట్టినవాడి చెయ్యి మళ్ళీ చిట్టెమ్మలోకి. ఇలా ఇరవై ఏళ్ళు. చేతులు ఒంటిని మార్చాయి, ఒళ్ళు చేతుల్ని మార్చింది. మధ్యలో నిజమైన పొట్ట ఒక్కటి కూడా లేదు.

“మాకు వచ్చిన కొలతల్ని మేం ఒళ్ళుగా చేశాం. కొలతలు నైపుణ్య విభాగానివి,” అంది రేవతి చివరికి.

గోడ అవతలికి వెళ్ళి సదాశివాన్ని అడిగాను. “ఒళ్ళు ఎలా ఉంటే అలా నేర్పాం. ఒళ్ళు శాస్త్ర విభాగానిది కదా,” అన్నాడు.

ఈ ఇద్దర్నీ కలపమని నన్ను తెచ్చారు. వీళ్ళు కలవకపోవడం ఏమిటి, నా తలకాయ. ఇన్నేళ్ళుగా ఒకరి ఎంగిలి ఒకరు తింటూనే ఉన్నారు. టీ ఫ్లాస్కులు మాత్రం వేరు.

నమోదు 6

మీటింగు. అప్పగింత ఆపమన్నాను. ఒక నెల చాలు, రేవు ఆసుపత్రిలో, ఇక్కడి వార్డులో నిజమైన రోగుల మీద నేర్పుదాం, అప్పుడు పంపిద్దాం అన్నాను.

నరహరి చేతులు కట్టుకుని విన్నాడు. “జ్వరాల కాలం మేడం. తెప్పల మీద డాక్టర్ల కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు. పడవలు రేవులో సిద్ధంగా ఉన్నాయి. కొంచెం తక్కువ వచ్చినా డాక్టరు లేకపోవడం కంటే నయం కదా.”

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే నాకు ఇంకా మంట. డాక్టరు లేని తెప్ప మీద జనానికి భయం ఉంటుంది. పొట్ట బరువెక్కితే పడవ వేసుకుని రేవుకు వస్తారు. డాక్టరు వచ్చి ఏం లేదని చెప్పాక ఎవరు వస్తారు? మంగాయమ్మ మొగుడి సంగతి చెప్పాను. నాకు గొంతు లేచింది కూడా.

రేవతి నెమ్మదిగా అంది. “ఒక్క రోగి కదా మేడం. లెక్కల్లో ఇలా మరీ పక్కకు పోయినదాన్ని తీసి పక్కన పెడతాం.”

“ఆవిడ లెక్క కాదు. పన్నెండో మంచం మీదున్న మనిషి,” అన్నాను.

సదాశివం గొంతు సవరించుకున్నాడు. “అసలు ఆ రోగి నియమం ప్రకారం ఊపిరి తీయలేదని పిల్లలు చెప్పారు మేడం. అలా అయితే ఎంత మంచి చేతికైనా ఎలా తెలుస్తుంది? పరీక్ష కాగితంలో రోగి సహకారం తక్కువ అని రాయించాను.”

రోగికి మార్కులు తగ్గించారు. నిజంగానే తగ్గించారు. నేను చాలా రకాల మనుషుల్ని చూశాను. తాగి వచ్చి కుట్లు వేసిన డాక్టర్నీ చూశాను, మందులు అమ్ముకున్నవాణ్ణీ చూశాను. వాళ్ళకు తప్పు చేస్తున్నామని అయినా తెలుసు. ఇక్కడ అందరూ శుభ్రంగా తల దువ్వుకుని, నిజాయితీగా, ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటూ చేస్తున్నారు. అసహ్యం వేసింది. ఇంతకంటే మర్యాదైన మాట నా దగ్గర లేదు.

నమోదు 7

నీళ్ళ వంతు ఇవాళ నాది. డ్రమ్ము నింపుకుని, గిన్నెలు తోముకున్నాను. చేతులు ఎంత కడుక్కున్నా ఆ మీటింగు గది వాసన పోలేదు.

నమోదు 8

కిన్నెర తనంతట తనే వచ్చింది. గది గుమ్మం దగ్గర నిలబడి, “నాకు చూపిస్తారా మేడం?” అంది.

మంగాయమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మణికట్టు కట్టు బాగానే ఉన్నా, ప్లీహం మందు మొదలుపెట్టాలని చెప్పి నేనే ఆవిణ్ణి ఆపాను. కిన్నెర అలవాటు కొద్దీ తొడుగు వేసుకోబోయింది. వద్దన్నాను. ఉత్త చేత్తో మనిషి పొట్టను ముట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారట. చివరి ఏడు చదివే పిల్ల. వినడానికే నాకు సిగ్గేసింది.

“కుడి గజ్జ దగ్గర పెట్టు. నొక్కకు. ఊరికే ఆనించు. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు అదే వస్తుంది. నువ్వు వెతకొద్దు.”

చెయ్యి ఆనించింది. ఒక ఊపిరి, ఇంకొక ఊపిరి, కొంచెం పైకి. అప్పుడు ఆమె ముఖం మారిపోయింది.

“ఇంత కిందా?” అంది.

“అక్కడేనమ్మా. అదే బల్లంటే,” అంది మంగాయమ్మ, తన సామాను తను చూపిస్తున్నంత తేలిగ్గా.

కిన్నెర అంచు వెంబడి వేళ్ళు నడిపింది. మొత్తం ఎంత ఉందో తెలిశాక చెయ్యి తీసేసి, గోడ వైపు తిరిగింది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవలేదు, కోపంగా ఉంది.

“మా సీనియర్లు ఇన్ని తెప్పల మీద ఉన్నారు మేడం. వాళ్ళందరూ...” అని ఆగిపోయింది.

నేను మంగాయమ్మకు దుప్పటి కప్పాను.

నమోదు 9

ఇది మాత్రం మండలి చదివి తీరాలి.

మధ్యాహ్నం నరహరి నన్ను అప్పగింత ఏర్పాట్ల మీటింగుకు పిలిపించాడు. ఆ సమయంలో సదాశివం పదిమంది పిల్లల్ని వెంటేసుకుని వార్డుకు వెళ్ళాడు. కిన్నెర కింద అంచు తగిలిందని క్లాసులో చెప్పిందట. మొట్టమొదటి చెయ్యి ఆయనది కదా, ఊరుకుంటాడా? అక్కడ ఏమీ లేదని తన చేత్తో చూపించడానికి వెళ్ళాడు.

అప్పుడు అక్కడున్న పిల్లలు చెప్పింది రాస్తున్నాను. ఆయన చిట్టెమ్మ దగ్గర పెట్టే చోటే చెయ్యి పెట్టాడు. ఏమీ తగల్లేదు. రబ్బరు ఒంటికి అలవాటైన చెయ్యి. లోతుగా వెళ్ళాలని ఇంకా నొక్కాడు. మంగాయమ్మ “నెప్పండి బాబూ” అంది. “ఊపిరి సరిగ్గా తియ్యమ్మా, సహకరించు” అని రెండో చెయ్యి పైన వేసి నొక్కాడు. కిన్నెర ఆయన చెయ్యి పట్టుకుని లాగిందట. అప్పటికే మంగాయమ్మ అరిచి, ఎడమ భుజం పట్టుకుని వంగిపోయింది. ప్లీహం పగిలితే నొప్పి ఆ భుజానికే పాకుతుంది.

నేను వెళ్ళేసరికి ముఖం కాగితంలా ఉంది. నాడి చేతికి అందడం లేదు. పరుగున ఆపరేషను గదికి తోసుకెళ్ళాం. కొండ మీద కాబట్టి, యంత్రాలు, రక్తం, శస్త్రవైద్యులు ఉన్నారు కాబట్టి పొట్ట తెరిచి పగిలిన ప్లీహాన్ని తీసేశారు. ట్రేలో పెట్టిన దాన్ని కిన్నెర దగ్గరికి వచ్చి చూసింది. అప్పుడే పుట్టిన బిడ్డంత ఉంది. అంతది ఆ పొట్టలో ఉండగా వీళ్ళందరూ మామూలే అన్నారు.

మంగాయమ్మ బతికింది. తెప్ప మీదైతే బతికేది కాదు, ఆవిడ మొగుడిలాగే.

సదాశివం ఆపరేషను గది బయట బెంచీ మీద కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు. జాలి పడాల్సిన దృశ్యమే. నాకు జాలి కలగలేదు.

నమోదు 10

కాగితం తయారైంది. ‘ముందే వ్యాధి ముదిరిన రోగికి అనుకోని రక్తస్రావం.’ కింద మళ్ళీ అదే మాట, రోగి సహకారం తక్కువ. నా సంతకం కోసం పంపారు. చింపేశాను. రెండో ప్రతి పంపారు. అదీ చింపాను.

నరహరి నా గదికి వచ్చాడు. ఎప్పుడూ లేనిది తలుపు దగ్గరికి వేశాడు.

“మీరు కళాశాల పరువు గురించి కూడా ఆలోచించాలి మేడం. రెండు విభాగాలూ ఈ విషయంలో ఒకే మాట మీదున్నాయి. మొదటిసారి. దీన్ని మీ విజయంగానే రాయిస్తాను.”

“నాకొద్దు.”

“అప్పగింత అయితే ఆగదు. మీరు సంతకం పెట్టకపోతే నేను పెడతాను. ప్రిన్సిపాల్‌కి ఆ అధికారం ఉంది. తర్వాత మీ పదవి సంగతి మండలి చూసుకుంటుంది.”

“చూసుకోమనండి.”

సాయంత్రం మంగాయమ్మ కళ్ళు తెరిచి, నీళ్ళు అడిగి, “తీసేశారంట కదండి” అంది. ఎవరు ఏం చేశారో అడగలేదు. అడగనందుకు నాకు మరీ కష్టంగా అనిపించింది. నేనే చెప్పాను, ఉన్నదున్నట్టు.

“అంత సదువుకున్నోరికి రాదని మాకెలా తెలుత్తాదండి?” అంది.

నమోదు 11

అప్పగింత రేవులో జరిగింది. నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. మంగాయమ్మ మరిది పోలయ్య ఏడో తెప్ప పడవ తీసుకుని వస్తున్నాడని, ఒక్కసారి చూసి వస్తానని ఆవిడ పట్టుబట్టింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నేనే తోసుకుంటూ తీగబండిలో దించాను.

రేవంతా షామియానాలు, మైకు. పడవలకు మామిడాకులు కట్టారు. తెప్పల పెద్దలు కొత్త డాక్టర్లకు ఇవ్వడానికి ఎండు చేపల బుట్టలు తెచ్చుకుని ఎండలో నిలబడ్డారు. నరహరి మైకులో శాస్త్రమూ నైపుణ్యమూ మన కళాశాలలో పాలూ నీళ్ళలా కలిసిపోయాయన్నాడు. పాలు ఎవరో నీళ్ళు ఎవరో చెప్పలేదు. రేవతి చప్పట్లు కొట్టింది. సదాశివం వెనక వరసలో, చేతులు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు.

మొదటి పేరు సరెళ్ళ కిన్నెరది. ఆమెకు పడింది ఏడో తెప్ప, అక్కడున్న కిందటేటి కుర్రాణ్ణి వేరే తెప్పకు మార్చారట. పోలయ్య పడవలోంచి చెయ్యి అందించాడు. కిన్నెర పడవ అంచు దాకా వెళ్ళి ఆగింది.

“నాకు బల్ల చూడటం రాదండి,” అంది.

పోలయ్యకు అర్థం కాలేదు. “ఏటండి?”

“పొట్టలో బల్ల పెరిగితే పట్టుకోవడం మాకు నేర్పలేదు. తప్పుగా నేర్పారు. ఒక్కసారి చూశాను, మీ వదినగారి పొట్ట మీద. ఒక్కసారితో రాదు. నేను మీ తెప్ప మీదికి వచ్చి మీకు ఏం లేదని చెప్తే మీరు నమ్మేస్తారు.”

నరహరి మైకు చేత్తో మూసి, “అమ్మాయ్, నడు,” అన్నాడు. ఆమె కదల్లేదు. వెనక నుంచి ఒక కుర్రాడు, “నాకూ రాదండి,” అన్నాడు. వార్డులో రెండోవాడిగా మామూలే అన్నవాడు. ఆ తర్వాత ఇంకొక అమ్మాయి. అందరూ అనలేదు. కొందరు తల తిప్పుకుని పడవల వైపు నడిచారు. కానీ ఆ పడవల్లో ఉన్న మనుషులు అప్పటికే విన్నారు. ఎవరూ చెయ్యి అందించలేదు.

పోలయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. గొంతు పెంచలేదు.

“ఈ మాట మా అన్నకి ఆరోజు ఒక్కరు సెప్పుంటే మేం పడవేసుకుని ఇక్కడికి తెచ్చుకునేవోళ్ళం కదండి. గాలి కూడా ఇటేపే ఉంది ఆరోజు.”

వెనక వరసలోంచి సదాశివం నడిచి వచ్చాడు. మైకు దగ్గరికి పోలేదు. పోలయ్య ఎదురుగా నిలబడి, “వీళ్ళకు నేర్పింది నేను. నాకూ రాదు,” అన్నాడు. పోలయ్య ఆయన్ని చూసి, వదిన వైపు చూశాడు. మంగాయమ్మ తల పక్కకు తిప్పుకుంది. క్షమించిందని నేను రాయను. నాకు అలా కనిపించలేదు.

నరహరి సంతకం కాగితాలు చేతిలో పట్టుకుని పడవలు లెక్కపెడుతున్నాడు. సంతకాలు ఉన్నాయి, ఎక్కేవాళ్ళు లేరు. నేను పోలయ్య దగ్గరికి వెళ్ళాను.

“పడవలు ఖాళీగా వెనక్కి వెళ్తాయి కదా. జనాన్ని ఎక్కించుకుని రండి. వార్డులో చోటు చాలకపోతే కళాశాల గదులన్నీ ఉన్నాయి. ఈ పిల్లలు అక్కడే నేర్చుకుంటారు, మీ కళ్ళ ముందే. వీళ్ళకు నేర్పిన పెద్దలు కూడా.”

“అందరూ ఒకేసారి పట్టరండి,” అన్నాడు పోలయ్య, తాడు విప్పుతూ. “ముందు ఎవర్ని తెమ్మంటారు? జొరం ఉన్నోళ్ళనా, పొట్ట పెరిగినోళ్ళనా?”

“మావాళ్ళు చూసి ఏం లేదన్నారే, వాళ్ళని,” అన్నాను. “ముందు వాళ్ళని తీసుకురండి.”